ఎంతుంది?

జులై వచ్చిందంటే భద్రాచలంలో పలకరింపు మారిపోతుంది. ‘బాగున్నారా’ పోయి ‘గోదారి ఎంతుంది?’ వస్తుంది. టీకొట్టు దగ్గర అదే మాట, కరకట్ట మీద అదే మాట, చర్ల నుంచి ఫోను చేసిన మేనమామదీ అదే మాట. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. బడి గడప తొక్కని ముసలమ్మకు కూడా ఈ మూడంకెలు కంఠతా వచ్చు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిందనీ, 2022 జులైలో 71.3 వచ్చినప్పుడు వంతెన మీద బండ్లు ఆపేశారనీ పిల్లలు కూడా చెప్తారు. నీళ్లు 40 దాటగానే బియ్యం బస్తా అటకెక్కించే ఇళ్లున్నాయి. ఊళ్లోకి రాకముందే అంత కంగారేమిటని వాళ్లను చూసి ఎవరూ నవ్వరు.

అదే ఇంట్లో కోడలికి ఎనిమిదో నెల. పొద్దున సబ్‌సెంటరుకు వెళ్లొచ్చింది.

‘ఏమన్నరే?’ అంటుంది అత్త.

‘బాగనే ఉందన్నరు అత్తమ్మా.’

అంతే, మాట అయిపోయింది. బీపీ ఎంతుందో కోడలికి తెలీదు. రక్తం ఎంతుందో అత్త అడగలేదు. కొడుకు పత్తి చేలో ఉన్నాడు. గర్భిణి పరీక్షల కార్డు ప్లాస్టిక్ కవరులో పెట్టి దూలానికి వేలాడదీశారు. నది సంగతి అడుగుతో సహా తెలిసిన ఇంట్లో, ఆ ఇంటి మనిషి సంగతి ‘బాగనే ఉంది’ దగ్గర ఆగిపోయింది.

ఈ అధ్యాయమంతా ఆ అడగని ప్రశ్న గురించే. ధైర్యం, ఆత్మవిశ్వాసం అంటూ ఇలాంటి పుస్తకాల్లో పెద్ద మాటలు చాలా ఉంటాయి. కిన్నెరసాని దాటి అడవిలోకి వెళ్లాక ఆత్మవిశ్వాసమంటే నర్సమ్మ ముందు నోరు తెరిచి ‘ఎంతుందమ్మా?’ అనగలగడమే. కసురుకుంటుందేమో, ఇంత చదువుకున్నావా అంటుందేమో అని జంకు. కసురుకున్నా పర్వాలేదు, అంకె చెప్పించుకుని రండి. అంకె ఒక్కటే ఇంటికి తెచ్చుకోగలిగిన వైద్యం.

2018–20 లెక్కల్లో తెలంగాణలో లక్ష కాన్పులకు 43 మంది తల్లులు చనిపోయారు, పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో 137 మంది. చర్ల, దుమ్ముగూడెం అవతల ఈ రెంటి మధ్య గోడేమీ లేదు, అడవీ వాగులే ఉన్నాయి. సుక్మా జిల్లా నుంచి, ఆంధ్రలో కలిసిన చింతూరు, కూనవరం వైపు నుంచి నొప్పులతో బయల్దేరిన ఆడవాళ్లు భద్రాచలం ఏరియా ఆసుపత్రికే వస్తారు. రాష్ట్రం సగటు చూసి మనకేం భయం లేదనుకోవడానికి ఈ అంచున వీల్లేదు.

బీపీ ఎంతుంది?

ఓ బుధవారం ఒక అంగన్‌వాడీ వరండాలో కూర్చుని చూసిన సంగతి ఇది. టీకాల రోజు. పిల్లల ఏడుపులు. గుంపు, అంటే అడవిలోని చిన్న గూడెం, నుంచి మూడు కిలోమీటర్లు నడిచొచ్చిన ఒకామె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది, ఏడో నెల. నర్సమ్మ జబ్బకు పట్టీ చుట్టి గాలి కొట్టి, వదిలి, ఏమీ అనలేదు. ‘కాసిని మంచినీళ్లు తాగి కూర్చో, మళ్లీ చూద్దాం’ అంది. ఐదు నిమిషాలాగి మళ్లీ చుట్టింది. 144/94. నడిచొచ్చిన ఆయాసం వల్ల పెరిగిందేమోనన్న అనుమానం ఆ ఐదు నిమిషాల్లో తీరిపోయింది.

‘తలనొప్పేమైనా ఉందా?’

‘మూడొద్దుల సంది ఉంది. ఎండకనుకున్న.’

నర్సమ్మ ఆమె చెయ్యి పట్టుకుని గాజులు జరపబోయింది. జరగలేదు, మణికట్టు మీద గాజు అచ్చు పడి ఉంది. పక్కనున్న పెద్దామె నవ్వింది: ‘నీరొచ్చిందంటే మగపిల్లగాడే.’ నర్సమ్మ నవ్వలేదు. చిన్న సీసా ఇచ్చి మూత్రం పట్టి తెమ్మంది. అందులో ముంచిన కాగితపు పట్టీ పసుపు నుంచి ఆకుపచ్చకు తిరిగింది. మూత్రంలో ప్రోటీన్ పోతోందన్నమాట.

జబ్బు పేరు అక్కడికక్కడే తేలిపోయింది, ప్రీఎక్లాంప్సియా. పట్టీ, సీసా, ఒక కాగితం ముక్క, నాలుగు ప్రశ్నలు. ఇంతకు మించిన యంత్రమేదీ అక్కర్లేకపోయింది. ఐదో నెల దాటాక బీపీ 140/90 చేరితే గోదావరికి మొదటి హెచ్చరిక లాంటిది. 160/110 అంటే మూడోదే, ఇక ఇంట్లో ఉండకూడదు. మధ్యలో తలనొప్పి, కళ్లముందు మెరుపులు, మసక, డొక్కల కింద కుడిపక్క నొప్పి, వాంతులు, ముఖం ఉబ్బడం కనబడితే అంకె తక్కువున్నా సరే, ఆసుపత్రికి వెళ్లాలి. పాదాల వాపు చాలామందికి మామూలుగానే వస్తుంది. ముఖానికి, వేళ్లకు వచ్చిందీ, రెండు మూడు రోజుల్లోనే వచ్చిందీ మామూలు కాదు. గాజులు బిగిశాయంటే మగపిల్లాడని కాదు, బీపీ చూడమని.

ఇది ముదిరితే ఫిట్స్ వస్తాయి. మన పెద్దవాళ్లు దీన్ని గుర్రపువాతం అన్నారు. పేరు పెట్టారంటేనే ఎన్ని కాన్పుల్లో చూసి ఉంటారో అర్థమవుతుంది. తాళంచెవులు చేతిలో పెట్టడం, గాలి సోకిందని మంత్రం వేయించడం నేటికీ ఉన్నాయి. తప్పు పట్టను, ఏదో ఒకటి చేయాలన్న ఆత్రం అది. కానీ ఆ గంట మందుది. మందు పేరు మెగ్నీషియం సల్ఫేట్, పాతది, చవకది. 2002లో వెలువడిన మాగ్‌పై పరీక్షలో పది వేల మందికి పైగా గర్భిణుల్లో కొందరికి ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా పోల్చి చూస్తే, ఇచ్చినవాళ్లలో ఫిట్స్ వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గింది. ఫిట్స్ వచ్చిన మనిషికి తొలి మోతాదుగా రెండు పిరుదులకూ చెరో ఐదు గ్రాములు ఇచ్చి పంపడం పీహెచ్‌సీలోనే జరగాల్సిన పని. అందుకే 108 ఎక్కే ముందు అడగండి: ‘ఫిట్స్ సూది వేశారా? కాగితం మీద రాశారా?’ రాయకపోతే పై ఆసుపత్రిలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. బండిలో మనిషిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి.

బీపీ మాత్రలు కాలం కొనిస్తాయి, అంతే. ఈ జబ్బుకు అసలు మందు కాన్పే. ఎప్పుడు చేయాలన్నది డాక్టరు తల్లినీ నెలలనూ చూసి తేల్చే లెక్క. ఒక్కటి గుర్తుంచుకోండి, కాన్పయ్యాక కూడా, ముఖ్యంగా తొలి వారంలో, ఇది తిరగబెడుతుంది. పురిటి మంచం మీద తలనొప్పి అంటే చలవ చేసిందనుకోకుండా బీపీ చూపించాలి.

రక్తం ఎంతుంది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేలింది. ఇద్దరిలో ఒకరు! ఇంత మామూలైపోయింది కాబట్టే దీన్నెవరూ జబ్బుగా చూడరు. ‘కడుపుతో ఉన్నప్పుడు నీరసం ఉండదా ఏంటి’ అనేస్తారు.

హిమోగ్లోబిన్ 11 ఉండాలి. 10 నుంచి 11 లోపు స్వల్పం, 7 నుంచి 10 లోపు మధ్యస్తం, 7 కంటే కిందికి దిగితే తీవ్రం. గోదావరికి మూడు అంకెలు నేర్చుకున్నవాళ్లకు ఈ మూడు ఓ లెక్క కాదు. నది పైకి పోతే ప్రమాదం, ఇది కిందికి పోతే. 7 లోపు ఉన్న తల్లి కాన్పులో మామూలుగా పోయే రక్తానికే తట్టుకోలేదు. గ్లాసెడు రక్తం ఆరోగ్యవంతురాలికి ఓ లెక్కలోది కాదు, ఈమెకు అదే గండం.

ఎర్ర మాత్రలు, 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్నవి, నాలుగో నెల నుంచి రోజుకొకటి, కాన్పయ్యాక మరో 180 రోజులు. ఇవన్నీ మీకు తెలిసినవే. తెలియంది ఏమిటంటే వాటిని టీతోనో పాలతోనో వేసుకుంటే ఒంటికి పట్టేది బాగా తగ్గిపోతుంది. కాల్షియం మాత్రతో కలిపి మింగినా అంతే, రెండు గంటల ఎడం ఉండాలి. నిమ్మకాయ పిండిన నీళ్లతో వేసుకోండి. విరేచనం నల్లగా అవుతుంది, భయపడక్కర్లేదు. వాంతి వస్తోందని గూట్లో దాచేసిన మాత్రలు ఎన్ని ఇళ్లలో చూశానో! దాచొద్దు, చెప్పండి. రాత్రి అన్నం తిన్నాక వేసుకోమంటారు. అయినా పడకపోతే, లేదా నెల తర్వాత కూడా అంకె కదలకపోతే, ఆసుపత్రిలో నరానికి ఐరన్ ఎక్కిస్తారు. మాత్రలు మింగామని చేతులు దులుపుకోకుండా ‘పోయిన నెల ఎంత, ఈ నెల ఎంత?’ అని అడిగినవాళ్లకే ఆ సంగతి బయటపడుతుంది.

ఈ ఫోలిక్ ఆమ్లం వెనక మనవాడొకడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తన సోదరుల్ని స్ప్రూ అనే పేగు జబ్బు తీసుకుపోయింది, తానూ దానితో బాధపడ్డాడు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. గర్భిణుల రక్తహీనతకు ఆహారంలో ఏదో లోపించిందని అంతకు ముందు లూసీ విల్స్ అనే డాక్టరు బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలను పరీక్షించి పట్టుకుంది. బొంబాయిలో అడిగిన ప్రశ్నకు మన తెలుగువాడు జవాబు వెతికాడనుకోవచ్చు. పిల్ల వెన్నుపాము సరిగ్గా ఏర్పడడానికి ఈ మాత్ర అసలు నెల తప్పక ముందు నుంచే వేసుకోవాలి.

అడవి అంచున రక్తం తగ్గడానికి తిండి ఒక్కటే కారణం కాదు, మలేరియా ఒకటి. గర్భిణికి జ్వరం వస్తే ఆ రోజే ఆశా దగ్గర వేలు గుచ్చి పరీక్ష చేయించాలి. ‘రేపు చూద్దాం’ అన్నది ఈ జ్వరం దగ్గర పనికిరాని మాట. మందులున్నాయి, గర్భంలో వాడదగ్గవే ఉన్నాయి. అయితే మలేరియాకిచ్చే మాత్రల్లో ప్రైమాక్విన్ గర్భిణులకు ఇవ్వకూడదు. కాబట్టి కడుపు ఇంకా కనబడని రెండో నెల అయినా సరే, మందు చేతిలో పెట్టకముందే ‘నాకు నెల తప్పింది’ అని చెప్పాలి. సిగ్గు ఇక్కడ ఖరీదైనది.

రెండోది సికిల్ సెల్. కోయవాళ్లలో, మధ్య భారతపు అడవి జాతుల్లో ఎక్కువ. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర కణం కొడవలిలా వంగుతుంది. దీని మోతకర్తలకు, అంటే ఒక్కరి నుంచే జన్యువు వచ్చినవాళ్లకు, మలేరియా అంతగా ముదరదు. అడవి దీన్ని తరతరాలుగా నిలుపుకోవడానికి కారణం అదే. మోతకర్తకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఇద్దరు మోతకర్తలు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బే వచ్చే అవకాశం. మేనరికాల్లో ఇద్దరూ మోతకర్తలయ్యే అవకాశం పెరుగుతుంది. జబ్బు ఉన్న అమ్మాయి గర్భంతో ఉంటే ఎముకల్లో నొప్పులు, ఛాతీ నొప్పి, ఆయాసం విరుచుకుపడొచ్చు. నీళ్లు తక్కువ తాగినా, జ్వరం వచ్చినా రేగుతుంది.

పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. చిన్న గొట్టంలో మందు నీళ్లు, అందులో రక్తపు చుక్క. గొట్టం వెనక గీతలున్న కాగితం పెడతారు. గీతలు కనబడితే లేదు, మబ్బు కమ్మి గీతలు మాయమైతే ఉంది. ఉందని తేలితే అది మోతా, జబ్బా అన్నది మరో పరీక్షతో తేలుస్తారు. 2023 జులై 1న జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలైంది, పరీక్ష ఫలితంతో కార్డులు ఇస్తున్నారు. పెళ్లిచూపుల్లో కట్నం ఎంత అని అడిగే నోటితో సికిల్ కార్డులో ఏముందని అడగమంటాను నేను. పెళ్లి మానమని కాదు. కడుపు పండిన తొలి నెలల్లోనే డాక్టరుకు చెప్పడానికి. జబ్బు ఉన్నవాళ్లకు ఐరన్ ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి, హైడ్రాక్సీయూరియా వాడుతుంటే గర్భం అనుకున్నప్పుడే చెప్పాలి.

చక్కెర గురించి ఎక్కువ చెప్పను. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూస్తారు, 140 చేరితే గర్భకాలపు మధుమేహం. అడవి మనిషికి షుగరేమిటి అనుకోకుండా ఆ గ్లూకోజు నీళ్లు తాగండి.

నెల ఎన్ని రోజులు తప్పింది?

చివరి ముట్టు వచ్చి ఆరేడు వారాలు. పొత్తికడుపులో ఒకే పక్క నొప్పి. కొద్దికొద్దిగా రక్తం మరక. ‘ముట్టు ఆలస్యంగా వచ్చింది’ అనుకుని పనిలోకి వెళ్తుంది. మిరప కోతల కాలమైతే చేలోనే కళ్లు తిరిగి పడుతుంది. ముఖం తెల్లగా పాలిపోతుంది, భుజం కొసన నొప్పి అంటుంది. భుజం నొప్పికీ కడుపుకీ ఏం సంబంధమని అందరూ తీసిపారేస్తారు. లోపల ట్యూబు పగిలి కారిన రక్తం పొట్ట పైభాగంలోని పొరను తాకితే నొప్పి భుజంలో తెలుస్తుంది. పిండం గర్భసంచిలో కాక ట్యూబులో నిలిచిందన్నమాట.

బయటికి రక్తం పెద్దగా కనబడదు కాబట్టి దీన్ని మించిన మోసకారి లేదు. ఒక రకంగా కనిపెట్టడం మాత్రం తేలికే. పెళ్లయిన ఆడమనిషికి కడుపునొప్పో కళ్లు తిరగడమో ఉంటే మొదటి ప్రశ్న ‘నెల ఎప్పుడు వచ్చింది?’, మొదటి పరీక్ష మూత్రం పట్టీ. రెండు గీతలు వస్తే స్కానింగు. గ్యాస్ నొప్పని సూది పొడిచి పంపే ఆర్‌ఎంపీ దగ్గర అడగాల్సిందీ ఇదే. పెళ్లికాని అమ్మాయైనా ఈ ప్రశ్న తప్పించుకోవద్దు. తల్లిని బయటికి పంపి మెల్లగా అడగండి. పగలక ముందే దొరికితే చాలామందికి కోత లేకుండా మెథోట్రెక్సేట్ సూదితోనే నయమవుతుంది. విచిత్రమేమిటంటే ఇదీ సుబ్బారావు ప్రయోగశాల నుంచి నడిచొచ్చిన మందే. ఫోలిక్ ఆమ్లం కణాన్ని పెంచుతుంది, ఇది ఆ ఆమ్లానికి అడ్డుపడి కణాన్ని ఆపేస్తుంది. పిండం నిలబెట్టడానికి ఒకటి, నిలవకూడని చోట నిలిస్తే కరిగించడానికి మరొకటి.

పగిలితే మాత్రం ఆపరేషనే, గంటల్లో.

ఎంత పోయింది?

కాన్పు బాగా అయింది, మగబిడ్డో ఆడబిడ్డో ఏడ్చింది, అందరి కళ్లూ బిడ్డ మీదే. ఆ కాసేపట్లోనే తల్లి చేజారిపోవచ్చు. మాయ పడ్డాక గర్భసంచి పిడికిలిలా బిగుసుకోవాలి. బిగుసుకోకపోతే రక్తం ఆగదు, రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు.

అరలీటరు దాటితే ప్రమాదం. అరలీటరంటే బస్టాండులో కొనే చిన్న నీళ్ల సీసా. కానీ గుడ్డలకు, చాపకు ఇంకిన రక్తాన్ని కంటితో చూసి లెక్కగట్టడం నర్సులకు కూడా కుదరదు, ఒక్కోసారి సగం దాకా తక్కువ అంచనా వేస్తారు. 2023లో వెలువడిన ఈ-మోటివ్ అనే అధ్యయనంలో చేసిన పని వింటే ఇంతేనా అనిపిస్తుంది. తల్లి కింద అంకెలు గీసిన ప్లాస్టిక్ సంచి పరిచారు. రక్తం ఎంత పోయిందో అంకె కనబడగానే మసాజు, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్ అన్నీ వరసగా కాక ఒక్కసారే మొదలుపెట్టారు. తీవ్రమైన రక్తస్రావం 60 శాతం తగ్గింది. కొత్త మందేమీ కనిపెట్టలేదు. అంకె చూశారు. ఈ అధ్యాయం రాయడానికి నాకు ఓపిక ఇచ్చిన సంగతి ఇదే.

దారిలో కాన్పయితే, ఇరవై ముప్పై నిమిషాల్లో రెండు మూడు ప్యాడ్లు, లేదా ఆ మందాన మడిచిన చీర గుడ్డలు తడిసిపోతే ఆగకుండా ఆసుపత్రికే పోవాలి. బొడ్డు కింద చెయ్యి పెట్టి గర్భసంచి గట్టిపడేదాకా గుండ్రంగా రుద్దండి. మూత్రానికి పోనివ్వండి. బిడ్డను రొమ్ముకు పట్టించండి, దానితో గర్భసంచి ముడుచుకుంటుంది. మాయ పడకపోతే బొడ్డుతాడు పట్టి లాగొద్దు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంటి దగ్గర ‘నొప్పులు రావడానికి’ సూది వేయించకండి. కాన్పు తర్వాత ప్రాణం నిలబెట్టే ఆక్సిటోసినే, కాన్పుకు ముందు లెక్కలేకుండా పొడిస్తే గర్భసంచిని చీల్చగలదు, బిడ్డకు ఊపిరి ఆడకుండా చేయగలదు. త్వరగా నీళ్లాడుతుందని మెచ్చుకునే ఆ చెయ్యి మంచిది కాదు.

ఎన్ని గంటలు?

కిలోమీటర్లు అడవిలో అబద్ధం చెప్తాయి. చర్ల నుంచి భద్రాచలం దాదాపు 60 కిలోమీటర్లు, భద్రాచలం నుంచి ఖమ్మం దాదాపు 120. కాగితం మీద ఏమంత దూరం? గుంపు నుంచి బండి వచ్చే రోడ్డు దాకా డోలీ కట్టి మోసే రెండు కిలోమీటర్లకే ఆ 60కి పట్టినంత సేపు పడుతుంది. మధ్యలో వాగు పొంగితే లెక్కే లేదు. కాబట్టి ఏడో నెలలోనే, పగలు, నొప్పులు లేనప్పుడు, ఇంటి మగవాళ్లు ఒకసారి గడియారం చూసుకుంటూ నడిచి చూడండి. డోలీకి నలుగురు ఎవరు? మిరప కోతలకు, తునికాకుకు పోయే రోజుల్లో ఆ నలుగురూ ఊళ్లో ఉంటారా? ఫోను సిగ్నలు ఏ గుట్ట మీద దొరుకుతుంది? రక్తం గ్రూపు కలిసేవాళ్లు ఊళ్లో ఎవరున్నారు?

కాన్పు తేదీ జులై, ఆగస్టుల్లో పడితే వాగు అవతలి వాళ్లు రెండు వారాల ముందే ఇవతలికి రావాలి. చుట్టాలింట్లోనో, ఆసుపత్రుల దగ్గర కొన్నిచోట్ల ఇందుకోసమే పెట్టిన వసతి గదుల్లోనో ఉండాలి. అలా వెళ్లమంటే చాలామంది ‘ఇంటి దగ్గర పిల్లల్ని, కోళ్లను ఎవరు చూస్తారు?’ అంటారు. అది సాకు కాదు, నిజమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పాల్సింది గర్భిణి కాదు, ఆడపడుచులు, తోటికోడళ్లు. ‘వదినా, పదిహేను రోజులు నేనుంటా, నువ్వు పో’ అన్న మాట ఏ మందుకూ తీసిపోదు.

పరీక్షలకు 102 బండి, ఆపదకు 108. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో డాక్టరు గర్భిణులను చూస్తారు. 2011 నుంచి ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, పెద్దాపరేషన్, మందులు, రక్తం, తిండి అన్నీ ఉచితం. ఎవరైనా డబ్బడిగితే దీనికీ అదే ప్రశ్న, గట్టిగా, నలుగురూ వినేలా: ‘ఎంత? రసీదిస్తారా?’

పెద్దాపరేషన్ల మాటెత్తాను కాబట్టి ఒక పక్క మాట. పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటులో 81.5. ముహూర్తం కోసం కోయించుకునేవాళ్లు ఒక చివర, అడ్డం తిరిగిన బిడ్డతో వాగు ఒడ్డున ఆగిపోయేవాళ్లు మరో చివర. ఇద్దరూ ఒకే ఉమ్మడి జిల్లా వాళ్లు.

సంతకం ఎవరిది?

కాన్పులు అయిపోయాక కూడా అడగడం మానకూడదు. ముప్పై అయిదేళ్లకే ‘ముట్టు ఎక్కువవుతోంది, తెల్లబట్ట అవుతోంది, గర్భసంచి తీసేస్తే పీడ పోతుంది’ అని ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో దేశంలోనే ఎక్కువ. తెల్లబట్ట గర్భసంచి తీయడానికి కారణం కానే కాదు, చాలాసార్లు మాత్రలతో పోతుంది. ఎక్కువ ముట్టుకు మాత్రలున్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోను పరికరం ఉంది. ముందు రక్తం చూడాలి, స్కానింగు చూడాలి, గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయాలి. తీసేయాల్సిన జబ్బులూ ఉన్నాయి, కాదనను. కానీ ‘జబ్బు పేరేమిటి, తీయకుండా ఏం చేయొచ్చు, అండాశయాలు ఉంచుతారా?’ అన్న మూడింటికీ జవాబు లేకుండా సంతకం పెట్టకండి. అండాశయాలు కూడా పోతే ముట్లుడగడం ముందే వస్తుంది, ఎముకలు బలహీనమవుతాయి, కూలి పనికి ఒళ్లు సహకరించదు.

సంతకం సంగతి ఈ ప్రాంతానికి బాగా తెలియాలి. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన పని. చాలామంది ఆశ్రమ పాఠశాలల పిల్లలు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. టీకా తర్వాత చనిపోయిన కొందరు పిల్లల మరణాలకు ఆ టీకాయే కారణమని విచారణలో తేలలేదు. తేలింది వేరొకటి. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తప్పుపట్టింది. ముఖద్వార కేన్సరును ఆపే టీకా మంచిదే, నేడు ప్రపంచమంతా వేస్తున్నారు. మన పిల్లలకూ వేయించండి. అయితే ఏ టీకా, ఎన్ని డోసులు, తర్వాత జ్వరమొస్తే ఎవరికి చెప్పాలి అని అడిగి, మీ సంతకం మీరే పెట్టండి. మంచి మందు విషయంలోనే అమ్మానాన్నల్ని అడగకపోతే ఆ మందు మీదే నమ్మకం పోతుంది. ఆ భయం ఇక్కడ కొన్ని ఊళ్లలో ఇంకా పోలేదు.

ఇప్పుడు పుస్తకం పక్కన పెట్టండి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో చూలాలుంటే, దూలానికి వేలాడదీసిన ఆ కార్డు దింపి చూడండి. చివరి బీపీ, చివరి హిమోగ్లోబిన్, సికిల్ పరీక్ష, కాన్పు తేదీ. ఈ నాలుగు గడుల్లో ఏది ఖాళీగా ఉన్నా రేపు పొద్దున్నే ఆమెతో పాటు మీరూ సబ్‌సెంటరుకు వెళ్లి, ఎంతుందో అడిగి రాయించుకుని రండి.